ఆ గదిలోని తెరలు

అల్లాహ్ తన దాసులకు ప్రసాదించిన అనుగ్రహాలను అన్ నహ్ల్ సూరాలో ఒక్కొక్కటిగా గుర్తు చేస్తూ, 80వ ఆయతులో ఇంటి ప్రస్తావన తెచ్చాడు. మన ఇళ్ళను మనకు ప్రశాంతత లభించే తావులుగా చేసింది తానేనని తెలియజేశాడు. పశువుల ఉన్ని, బొచ్చు, వెంట్రుకలతో మనం తయారు చేసుకునే గృహసామగ్రి కూడా తన అనుగ్రహమేనన్నాడు. అంటే గోడలు, పైకప్పు మాత్రమే కాదు, లోపల పరచుకునే తివాచీ, కప్పుకునే కంబళి, కిటికీకి వేలాడే పరదా కూడా అల్లాహ్ దయలోనివే. అయితే ఆ ఆయతు చివర మరో మాట ఉంది. ఇవన్నీ కొంతకాలం వరకే అన్నాడు. ఇంటి అలంకరణ గురించి మాట్లాడేవారు ఈ ఆయతు మొదలును, చివరను రెండింటినీ గుర్తుంచుకోవాలి. మొదలు మరచినవాడు ఇంట్లో పూలకుండీ పెట్టినా తప్పంటాడు. చివర మరచినవాడు అప్పు చేసి మరీ గోడలకు సింగారం చేయిస్తాడు.

కొన్ని నెలల క్రితం కోస్తా ప్రాంతంలోని ఒక పట్టణంలో కొత్తగా కట్టుకున్న ఇంట్లో దుఆ చేయడానికి మమ్మల్ని పిలిచారు. ఇంటాయన నమాజు తప్పని మనిషి. పదిహేనేళ్ళు గల్ఫ్‌లో ఎండకు మాడి సంపాదించిన డబ్బుతో కట్టుకున్న ఇల్లు అది. ఆయన సంతోషం చూసి మాకూ సంతోషం కలిగింది. ప్రతి గదీ దగ్గరుండి చూపించారు. హాల్లో ఫాల్స్ సీలింగు, దాని అంచుల్లో నీలిరంగు లైట్లు. ఒక గోడ మీద బంగారు రంగు ఫ్రేములో ఆయతుల్ కుర్సీ తుగ్రా. దానికి ఎదురుగా తూర్పు గోడ మీద పరుగెత్తే ఏడు గుర్రాల పటం. ఇదెందుకని అడిగితే, ఇంటీరియర్ పని చేసినవాళ్ళు పెట్టమన్నారని, ఇంట్లోకి డబ్బు వస్తుందట అని నవ్వేశారు. అబ్బాయి గదిలో ఇద్దరు క్రికెటర్ల నిలువెత్తు పోస్టర్లు.

అంతలో అసర్ అజాన్ వినిపించింది. మేము మస్జిదుకు బయలుదేరుతూ, ఇంట్లో ఆడవాళ్ళు నమాజు ఎక్కడ చేసుకుంటారని మాటవరసకు అడిగాం. ఆయన ఒక్క క్షణం ఆగిపోయారు. తర్వాత పడకగది చూపించారు. మంచానికీ బీరువాకూ మధ్య ఒక్క జానమాజ్ పట్టేంత సందు. ఖిబ్లా వైపు బీరువా తలుపు. ఆ తలుపుకు నిలువుటద్దం.

వెనక వసారాలో వాషింగ్ మెషీను పక్కన ఒక నవారు మంచం ఉంది. దాని మీద ఆయన తల్లిగారు కూర్చుని తస్బీహ్ చేసుకుంటున్నారు. మంచం కింద పాత ఇనప్పెట్టె. సలాం చెప్పి, కొత్త ఇల్లు బాగుంది కదమ్మా అన్నాం. "బాగుంది మౌల్వీ సాబ్, నా మంచం, పెట్టె లోపలి రంగులకు కలవవట" అన్నారు. ఫిర్యాదు చేసినట్లు కాదు, ఈ ఏడు వానలు తక్కువ అన్నట్లు చెప్పారు.

పదేళ్ళ మనవరాలు ఆవిడ వెనకే నిలబడి ఉంది. చేతిలో పాత చీర గుడ్డతో కుట్టిన బొమ్మ ఉంది. దాదీయే కుట్టి ఇచ్చారట. ఆ పాప మమ్మల్ని అడిగింది: "మౌల్వీ సాబ్, ఇది నా గదిలో ఉంటే ఫరిష్తాలు రారని అబ్బా అంటున్నారు. నిజమేనా?"

పాపకు ఆ రోజు సగం జవాబే చెప్పాం. ఇంటాయనకు చెప్పాల్సింది అసలేమీ చెప్పలేదు. దుఆ చేశాం, బిర్యానీ తిన్నాం, వచ్చేశాం. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకోవడానికే.

పాప అడిగిన ప్రశ్నకు జవాబు మదీనాలోని ఒక చిన్న గదిలో దొరుకుతుంది. అది విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) గది. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) సతీమణుల గదులు ఎలా ఉండేవో తర్వాతి తరం వారు చూసి చెప్పారు. ఖర్జూరపు మట్టలతో కట్టి, బయట వెంట్రుకల కంబళ్ళు కప్పినవి. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఆ గదుల్లోకి వెళ్ళిన హసన్ బస్రీ (రహ్మలై) వాటి పైకప్పు తన చేతికి అందేదని చెప్పారు. అప్పటికి ఆయన ఇంకా బాలుడే. ఈ కథనాన్ని ఇమామ్ బుఖారీ తన అల్ అదబుల్ ముఫ్రద్‌లో నమోదు చేశారు. ఆయిషా (రజి) స్వయంగా చెప్పిన విషయం సహీహ్ బుఖారీలో ఉంది. రాత్రివేళ ప్రవక్త (సఅసం) నమాజు చేస్తుంటే ఆమె ఆయన ముందు పడుకుని ఉండేవారు. ఆమె కాళ్ళు ఖిబ్లా దిక్కున ఉండేవి. ఆయన సజ్దాకు వంగినప్పుడు చేత్తో తట్టేవారు, ఆమె కాళ్ళు ముడుచుకునేవారు. లేచి నిలబడగానే మళ్ళీ చాపుకునేవారు. ఆ రోజుల్లో ఇళ్ళల్లో దీపాలుండేవి కావని కూడా ఆమె చెప్పారు. ఒక మనిషి నిద్ర, ఒక మనిషి సజ్దా ఒకే చోట సర్దుకోవాల్సినంత ఇరుకు గది. అయినా సజ్దాకు చోటు లేకుండా పోలేదు.

అంత చిన్న గదిలో ఉన్న పరదాల గురించి కూడా హదీసు గ్రంథాలు మనకు తెలియజేస్తున్నాయి. ఆ గదిలో ఒక గూడు లాంటి చోటు ఉండేది. ఒకసారి ప్రవక్త (సఅసం) ప్రయాణం నుంచి తిరిగి వచ్చేసరికి ఆయిషా (రజి) ఆ గూటికి బొమ్మలున్న పలుచని తెర కట్టి ఉన్నారు. ఆయన ముఖం రంగు మారింది. ఆ తెరను లాగి చించారు. అల్లాహ్ సృష్టిని పోలిన రూపాలు కల్పించేవారికి ప్రళయదినాన అతి కఠినమైన శిక్ష ఉంటుందని హెచ్చరించారు. ఇది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు. సహీహ్ ముస్లింలో మరో సంఘటన ఉంది. ఆయన యుద్ధానికి వెళ్ళినప్పుడు ఆమె ఒక రగ్గు తీసుకుని గుమ్మానికి కట్టారు. తిరిగి వచ్చి చూసిన ఆయన ముఖంలో అయిష్టత కనిపించింది. దాన్ని కూడా లాగేశారు. రాళ్ళకు, మట్టికి బట్టలు తొడగమని అల్లాహ్ మనకు ఆజ్ఞాపించలేదని అన్నారు.

చదువరులు ఇక్కడే ఆగిపోతుంటారు. మిగతాది కూడా చదవాలి. ఆ బట్టను ఆయిషా (రజి) బయట పారేయలేదు. కోసి దిండ్లు కుట్టారు, లోపల ఖర్జూరపు పీచు కూరారు. దానికి ప్రవక్త (సఅసం) ఏమాత్రం అభ్యంతరం చెప్పలేదు. గోడమీద గౌరవస్థానంలో వేలాడిన బట్ట, మనిషి ఆనుకుని కూర్చునే దిండయింది. బట్ట అదే, చోటు మారింది.

ఇక ఆ గదిలోని మరో తెర సంగతి. సునన్ అబూ దావూద్‌లో ఆయిషా (రజి) ఉల్లేఖనం ఉంది. ప్రవక్త (సఅసం) తబూక్ నుంచో ఖైబర్ నుంచో తిరిగి వచ్చారు (ఏ యాత్రో ఉల్లేఖకునికి గుర్తులేదు). ఆమె గూటికి ఒక తెర ఉంది. గాలి వీచి దాని అంచు పైకి లేచింది. లోపల ఆమె ఆడుకునే బొమ్మలు కనిపించాయి. ఇవేమిటి ఆయిషా అని అడిగారు. నా కూతుళ్ళు అని ఆమె బదులిచ్చారు. వాటి మధ్యలో గుడ్డ పీలికలతో రెక్కలు కట్టిన ఒక గుర్రం ఉంది. ఇదేమిటి అంటే, గుర్రం అన్నారు. దాని మీద ఇవేమిటి అంటే, రెక్కలు అన్నారు. గుర్రానికి రెక్కలా అని ఆయన ఆశ్చర్యపోతే, సులైమాన్ (అలైహి) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె అడిగారు. ఆయన పళ్ళు కనిపించేలా నవ్వారు.

ఆ తెర ఎవరూ చించలేదు. ఆ గుర్రాన్ని ఎవరూ బయట పడేయలేదు. ఇంట్లో అందరికంటే చిన్నవారి గూడు అది. దానిలో ఏముందో ప్రవక్త (సఅసం) అడిగి తెలుసుకున్నారు, విన్నారు, నవ్వారు, అలాగే ఉండనిచ్చారు. బుఖారీలోని మరో హదీసు ప్రకారం, ఆమె స్నేహితురాళ్ళు ఆడుకోవడానికి వచ్చి ఆయనను చూసి దాక్కుంటే, ఆయనే వారిని మళ్ళీ ఆమె దగ్గరకు పంపేవారు. ఈ హదీసుల ఆధారంగానే అధిక సంఖ్యాక ఉలమా ఆడపిల్లలు ఆడుకునే బొమ్మలకు అనుమతి ఉందన్నారు.

కనుక ఆ పాపకు మేమిచ్చే పూర్తి జవాబు ఇదీ. అమ్మా, ప్రాణుల బొమ్మలున్న ఇంట్లోకి ఫరిష్తాలు ప్రవేశించరన్న హదీసు సహీహ్ హదీసే. మీ అబ్బా తప్పు చెప్పలేదు. కానీ ఆ మాట దాదీ కుట్టిన గుడ్డ బొమ్మకు వర్తించదు. దాన్ని నీ గూట్లో పెట్టుకో.

మరి ఇంటాయనకు? అన్నా, మీరు పాప గుడ్డ బొమ్మను వసారాలోకి పంపి, ఏడు గుర్రాలను హాల్లోకి ఎక్కించారు. ఆయిషా (రజి) గుర్రం ఆడుకునేది, గూటిలో తెర వెనక ఉండేది. మీ గుర్రాలు గోడకెక్కాయి, పైగా వాటినుంచి డబ్బు ఆశిస్తున్నారు. ప్రాణుల చిత్రాన్ని గౌరవంగా గోడకు తగిలించడం ఒక తప్పు. కెమెరా ఫోటో విషయంలో నేటి ఉలమా మధ్య చర్చ ఉందిగానీ, ఇలాంటి పటాన్ని గోడకెక్కించడం మన ప్రాంతపు ఉలమా ఒప్పుకోరు. ఒక పటం లాభనష్టాలు తెస్తుందని నమ్మడం అంతకంటే పెద్ద తప్పు. శకునాల నమ్మకాన్ని ప్రవక్త (సఅసం) షిర్క్ అని అన్నారు (అబూ దావూద్). మీరు నవ్వుతూ చెప్పారు, నిజమే. నమ్మకం లేనప్పుడు మరి ఆ గోడ మీద దానికేం పని?

ఎదురుగా ఉన్న ఆయతుల్ కుర్సీ విషయం కూడా చెప్పాలి. ఫ్రేము కట్టించినవారి మనసులో ప్రేమే ఉంటుంది, అందులో మాకు సందేహం లేదు. అయినా గోడలపై ఖుర్ఆన్ రాయడాన్ని ఇమామ్ నవవీ (రహ్మలై) మక్రూహ్ అన్నారు. హనఫీ గ్రంథం ఫత్‌హుల్ ఖదీర్‌లో ఇబ్నుల్ హుమామ్ (రహ్మలై) కూడా అదే మాట రాశారు. దుమ్ము పడుతుంది, సున్నం వేసేటప్పుడు కింద పడుతుంది, దాని కిందనే టీవీలో పాటలు మోగుతుంటాయి. ఇవీ వారి భయాలకు నేటి రూపాలు. ఆయతుల్ కుర్సీ ఫర్జ్ నమాజుల తర్వాత, పడుకునే ముందు నాలుకపై ఉండాల్సిన ఆయతు. గోడ చదివిపెట్టదు. ఇప్పటికే తగిలించినవారు దాన్ని శుభ్రంగా, ఎత్తులో, అదబ్‌తో ఉంచాలి. తీసేయదలిస్తే గౌరవంగా తీసి భద్రపరచాలి.

అయితే అలంకరణే వద్దా? అలా ఎవరన్నారు! తన దాసుల కోసం అల్లాహ్ ఉత్పన్నం చేసిన శోభను నిషేధించిందెవరని అల్ ఆరాఫ్ సూరా 32వ ఆయతు నిలదీస్తోంది. బట్టలు, చెప్పులు బాగుండాలని కోరుకోవడం అహంకారమా అని ఒకరు అడిగితే, కాదని చెబుతూ, అల్లాహ్ అందమైనవాడని, అందాన్ని ఇష్టపడతాడని ప్రవక్త (సఅసం) సెలవిచ్చారు (ముస్లిం). బొమ్మలు వేసి పొట్టపోసుకునే ఒక వ్యక్తి ఇబ్నె అబ్బాస్ (రజి) దగ్గరకు వచ్చినప్పుడు, ఆ పని తప్పదనుకుంటే చెట్లు, ప్రాణం లేనివి వేసుకోమని ఆయన దారి చూపించారు. మన తెలుగునేల మీద ఆ దారి ఎంత అందంగా సాగిందో చూడండి. మచిలీపట్నం కలంకారీ పారసీక దేశపు వర్తకుల అభిరుచికి తగ్గట్టు తీగలు, పువ్వులు, వృక్షాలు, మిహ్రాబ్ ఆకారాలతో పెరిగింది. ఆ పట్నం పక్కనే ఉన్న పెడనలో నేటికీ చెక్క అచ్చులతో అద్దుతున్నారు. ఏలూరులో ముస్లిం నేతగాళ్ళు తరతరాలుగా ఉన్ని తివాచీలు నేశారు. అలాంటి దుప్పటి ఒకటి మంచం మీద పరిస్తే, తివాచీ ఒకటి నేల మీద వేస్తే ఇల్లు వెలిగిపోతుంది. పని చేసినవాడి కడుపూ నిండుతుంది.

హద్దు ఎక్కడ దాటుతుందో తెలుసుకోవడానికి మేము ఒక చోట చూడమంటాం. అల్ ఇస్రా సూరా 23వ ఆయతు నుంచి 27వ ఆయతు వరకు ఒక్కసారి వరుసగా చదవండి. ముందు అల్లాహ్‌నే ఆరాధించమన్న ఆజ్ఞ. వెంటనే తల్లిదండ్రులు. వారిలో ఒకరుగానీ ఇద్దరుగానీ ముసలితనానికి చేరుకుంటే విసుక్కోవద్దని, మర్యాదగా మాట్లాడమని, దయతో రెక్కలు వాల్చి ఉండమని ఉపదేశం. తర్వాత బంధువులు, పేదలు, బాటసారుల హక్కు. ఆ వెంటనే దుబారా చేయొద్దన్న హెచ్చరిక, దుబారా చేసేవారు షైతాను సోదరులన్న తీర్పు. తల్లి హక్కూ, వృథా ఖర్చూ ఒకదాని వెంట ఒకటి ఎందుకొచ్చాయి? ఖుర్ఆన్‌లో ఏ మాటా ఊరికే రాదు. డబ్బు ఒక చోట పొంగిపొర్లితే మరెక్కడో ఒకరి హక్కు ఎండిపోతుంది. ఇంట్లో అది ముందుగా ఎండేది ముసలివారి దగ్గరే.

ఆ 23వ ఆయతులో 'ఇందక' అనే ఒక చిన్న అరబీ పదం ఉంది. 'నీ దగ్గర' అని దాని అర్థం. తల్లిదండ్రులు నీ దగ్గర ముసలివారైతే, అని అల్లాహ్ అన్నాడు. ఊరికే ముసలివారైతే అనలేదు. దగ్గర అంటే ఒకే కప్పు కింద అని మాత్రమే అనుకుంటే వసారా కూడా దగ్గరే అవుతుంది. కానీ రాత్రి దగ్గు వస్తే వినిపించే దూరం దగ్గర. వచ్చిన అతిథి ముందుగా సలాం చెప్పే చోటు దగ్గర. మనవలు స్కూలు నుంచి వచ్చి సంచీ విసిరేసే చోటు దగ్గర. నవారు మంచం సోఫా రంగుకు కలవకపోవచ్చు. సోఫా రంగు మార్చుకోండి. అదీ కుదరకపోతే కలవకుండానే ఉండనివ్వండి. వచ్చినవాళ్ళు చూసి ఏమనుకుంటారు? ఈ ఇంట్లో పెద్దవాళ్ళున్నారని అనుకుంటారు.

ఆ ఇనప్పెట్టెలో ఏముందో మాకు తెలియదు. సాధారణంగా ఇలాంటి పెట్టెల్లో నిఖా నాటి చీర, చనిపోయిన భర్త టోపీ, కఫన్ కోసం దాచుకున్న బట్ట, మనవరాలికి బొమ్మ కుట్టగా మిగిలిన గుడ్డముక్కలు ఉంటాయి. ఒక మనిషికి ఇల్లు తనదని చెప్పేవి అవే. పిల్లలకు కావలసినట్లు గదులు చేయిస్తున్నాం, మంచిదే. దాదీకి కావలసినట్లు ఒక మూల ఎందుకు చేయించం?

కోడళ్ళ విషయంలో కూడా ఇదే న్యాయం. భార్యకు నివాసం ఇవ్వడం భర్తపై విధి. ఇంట్లో ఒక గదిని వేరుగా ఇచ్చి దానికి తాళం వేసుకునే వీలుంటే ఆ విధి నెరవేరుతుందని హనఫీ గ్రంథం హిదాయాలో ఉంది. ఆ తాళం సంగతి మన అత్తగార్లు, ఆడబిడ్డలు గమనించాలి. కోడలు తన గదిలో అద్దం ఎటు పెట్టుకుంది, పుట్టింటి నుంచి తెచ్చుకున్న పరదా ఏ రంగుది అన్నది ఆమె ఇష్టం. ఆమె లేనప్పుడు లోపలికెళ్ళి సర్దడం ప్రేమ అనిపించుకోదు. (కోడళ్ళు కూడా అత్తగారి పెట్టెను మెట్ల కిందికి నెట్టేముందు అడగాలి. తాళం చెవి రెండు వైపులా తిరుగుతుంది.)

పిల్లల గదుల గురించి అన్ నూర్ సూరాలో స్పష్టమైన మర్యాద ఉంది. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం బట్టలు వదులు చేసుకుని పడుకునే వేళ, ఇషా తర్వాత, ఈ మూడు వేళల్లో చిన్నపిల్లలు కూడా పెద్దల గదిలోకి అనుమతితో రావాలని 58వ ఆయతు చెబుతోంది. యుక్తవయసుకు వచ్చాక ఎల్లప్పుడూ అనుమతి అడగాలని 59వ ఆయతు. పదేళ్ళు వచ్చేసరికి పిల్లల పడకలు వేరు చేయమని అబూ దావూద్‌లో హదీసు ఉంది. వేరే పడక, తలుపు తట్టే అలవాటు. గది గోడల రంగు కంటే ముందు పిల్లలకు ఇవ్వాల్సినవి ఇవి. ఇక అబ్బాయి గదిలోని పోస్టర్ల సంగతి. తండ్రి చించి పారేస్తే అవి గోడ మీంచి ఫోనులోకి చేరతాయి, అంతే. వాడితో కూర్చుని మాట్లాడండి. ఆ గోడకు బదులుగా వాడి చేతనే ఏదైనా చేయించండి. పుస్తకాల అల్మరా కావచ్చు, ప్రపంచ పటం కావచ్చు, వాడు ఆడే బ్యాటు తగిలించుకునే కొయ్య కావచ్చు. ఆట తప్పు కాదు. ఆటగాణ్ణి గోడకెక్కించి ఉదయం లేవగానే వాడి ముఖం చూడడం తప్పు.

పరుపులు, మంచాల లెక్క కూడా సహీహ్ ముస్లింలో ఉంది. ఒక పడక మగవానికి, ఒకటి అతని భార్యకు, మూడోది అతిథికి, నాలుగోది షైతానుకు అని ప్రవక్త (సఅసం) అన్నారు. పిల్లలకు పడకలు వద్దని దీని అర్థం కాదు. అవసరం దాటి గొప్ప కోసం పేర్చిన దాని గురించి ఈ మాట అని ఉలమా వివరించారు. ఎవరూ పడుకోని పరుపు ఏసీ గదిలో ఉండి, పడుకునే మనిషి వసారాలో ఉంటే నాలుగో పడక ఏదో వేరే చెప్పక్కర్లేదు.

ప్రవక్త (సఅసం) తన ముద్దుల కుమార్తె ఇంటి గుమ్మం దాకా వచ్చి ఒకసారి లోపలికి రాకుండా తిరిగి వెళ్ళిపోయారు. కారణమేమిటని అలీ (రజి) అడిగితే, ఆమె తలుపుకు రంగురంగుల అద్దకపు తెర చూశానని, తనకూ ఈ లోకపు సొగసులకూ ఏం సంబంధమని అన్నారు. ఫాతిమా (రజి) ఆ మాట విని, దాన్ని ఏం చేయమంటే అది చేస్తానన్నారు. అవసరంలో ఉన్న ఫలానా ఇంటివారికి పంపమని ఆయన చెప్పారు. బుఖారీలోని ఈ హదీసు చదివినప్పుడల్లా మాకు ఒకటి తడుతుంది. ఆ తెర హరామని ఆయన అనలేదు. హరామైతే మరొకరికి ఇవ్వమనరు కదా. ఆ తెర అవసరం వేరొక ఇంట్లో ఎక్కువగా ఉంది, అంతే. ఇంటి అలంకరణకు బ్యాంకు అప్పు చేసి, వడ్డీ కడుతూ, అదే వీధిలో కప్పు కారే ఇంటి ముందునుంచి రోజూ నడిచి వెళ్ళేవారు దీన్ని ఆలోచించాలి.

అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) సంగతి చెప్పకపోతే మా బాకీ పూర్తిగా తీరదు. మదీనా వచ్చిన కొత్తలో ప్రవక్త (సఅసం)కు తన ఇంట్లో ఆతిథ్యమిచ్చిన సహాబీ ఆయన. అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒకసారి ఆయన్ను విందుకు పిలిచారు. అబూ అయ్యూబ్ (రజి) వచ్చి చూస్తే గోడకు తెర కట్టి ఉంది. ఆడవాళ్ళు మా మాట వినలేదని ఇబ్నె ఉమర్ (రజి) చెప్పుకున్నారు. (మగవారి ఈ మాట ఈనాటిది కాదన్నమాట.) ఇతరుల విషయంలో భయపడ్డానుగానీ నీ విషయంలో ఇలా అవుతుందనుకోలేదని చెప్పి, భోజనం చేయకుండానే ఆయన వెళ్ళిపోయారు. ఇది కూడా బుఖారీలో ప్రస్తావించబడింది. ఆయన గోడకు కట్టిన తెర చూసి తినకుండా వెళ్ళారు. మేము వసారాలో మంచం చూసి కూడా తిని వచ్చాం. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

ఆ ఇంటాయనకు, ఆయన వంటి మరెందరికో ఒక పని చెబుతాం. డబ్బు ఖర్చు లేనిది. ఇత్‌బాన్ బిన్ మాలిక్ (రజి) అనే అన్సారీ సహాబీకి చూపు మందగించింది. వర్షం పడితే వాగు పొంగి మస్జిదుకు వెళ్ళలేకపోయేవారు. మా ఇంట్లో ఒక చోట నమాజు చేయండి, దాన్నే నా నమాజు స్థలంగా చేసుకుంటానని ప్రవక్త (సఅసం)ను వేడుకున్నారు. మరునాడు పొద్దెక్కాక ఆయన అబూ బక్ర్ (రజి)తో కలిసి వచ్చారు. లోపలికి వచ్చాక కూర్చోలేదు. నీ ఇంట్లో ఎక్కడ నమాజు చేయమంటావు అని ముందు అడిగారు. ఇత్‌బాన్ (రజి) ఒక మూల చూపించారు. అక్కడ రెండు రకాతులు చేయించిన తర్వాతే ఇంటివారు వండిపెట్టింది తిన్నారు.

మీ ఇంట్లో మీరు ఏ మూల చూపిస్తారు? గది కావాలని మేము అనడం లేదు. కిటికీ పక్కన రెండు జానమాజ్‌లు పట్టే చోటు, ఎదురుగా అద్దంగానీ బొమ్మగానీ టీవీగానీ లేని సాదా గోడ, పక్కన రిహల్ మీద ఖుర్ఆన్. నమాజులో తన ధ్యానం చెదరగొట్టిందని ప్రవక్త (సఅసం) చారల దుప్పటినే అబూ జహమ్ (రజి)కి తిరిగి పంపించేశారు. తెర మీది బొమ్మలు నమాజులో అడ్డం వస్తున్నాయని దాన్ని తీయమని ఆయిషా (రజి)కి చెప్పారు. నిలువుటద్దం ముందు మన ఇల్లాళ్ళ ధ్యానం ఎలా నిలుస్తుంది? ఇంట్లో అత్యంత అందంగా ఉండాల్సిన మూల అదే. దాన్ని అలంకరించడమంటే అక్కడున్నవి తీసేయడం. ఆ మూలకు దగ్గరలోనే దాదీ మంచం వేస్తే, రాత్రి తహజ్జుద్‌కు ఆవిడ గోడలు తడుముకుంటూ రావక్కర్లేదు.

ప్రవక్త సతీమణుల గదులను హిజ్రీ 88 ప్రాంతంలో (క్రీ.శ. 707) ఖలీఫా వలీద్ ఆజ్ఞపై తొలగించి ఆ స్థలాన్ని మస్జిదె నబవీ విస్తరణలో కలిపారు. మదీనా ప్రజలు ఏడ్చారు. వాటిని అలాగే వదిలేసి ఉంటే ఎంత బాగుండేదని, దైవప్రవక్త (సఅసం) తన జీవితంలో ఎంతతో సరిపెట్టుకున్నారో రాబోయే తరాలు చూసేవారని సయీద్ బిన్ ముసయ్యిబ్ (రహ్మలై) వాపోయారు. ఆ గదులు ఇప్పుడు లేవు. వాటిలోని తెరల సంగతి, గుడ్డ రెక్కల గుర్రం సంగతి, పీచు కూరిన దిండ్ల సంగతి మాత్రం మనదాకా చేరాయి.

మేము దుఆ చేసి వచ్చిన ఆ ఇంటికి ఈ పత్రిక ప్రతినెలా వెళుతుంది. దాదీకి తెలుగు చదవడం రాదట. మనవరాలు పక్కన కూర్చుని చదివి వినిపిస్తుందని ఆ రోజు చెప్పారు.